రెండో అంతస్తు ఎక్కిన రాయి

ఒకటో నంబరు ఫ్లాటు, కింది అంతస్తు,
పెర్ల్ షోర్ రెసిడెన్సెస్,
మాంచినీల్ బే, కారియాకూ దీవి.
జనవరి 14

ఫ్లాట్ల యజమానుల సంఘం అధ్యక్షుడు, నా మరిది ఓస్బర్ట్ బెడోకి,

నా పేరు సెఫరీన్ బెడో. ఆంబ్రోజ్ బెడో భార్యను. ఆయన పోయినా ఆ మాట మారదు. వయసు ఎనభైకి ఒకటి తక్కువ. ఇంట్లో ఉండేది నేనూ, నా నల్ల కోడిపెట్టా. కోడిని పెంపుడు జంతువుల పట్టీలో ఎక్కించాను కాబట్టి దాని ఊసు మళ్ళీ ఎత్తవద్దు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే గేటు దగ్గర కాపలా ఉండే వెర్నెల్ కాంప్టన్ రాస్తోంది. చెప్పింది చెప్పినట్టే రాస్తానని ఒట్టు వేయించుకున్నాను.

ఫోను చేయవచ్చు కదా అంటావు. నీకు నచ్చని మాట వచ్చినప్పుడల్లా ఇంగ్లండులో నీ హడర్స్‌ఫీల్డ్‌లో గాలి వీస్తుంది, నీకేమీ వినబడదు. కాగితానికి ఆ జబ్బు లేదు.

మీ అన్న కలలోకి వస్తున్నాడు. గాజు తలుపు అవతల నిలబడి, "సెఫీ, మనిల్లు ఏది?" అంటాడు. "ఇదే, రా" అంటాను. తలుపు తోస్తాడు. అది తోసే తలుపు కాదు, పక్కకు జరిపేది. బతికుండగా అలాంటి తలుపు చూసిన మనిషా ఆయన? నేను లేచి తీసేలోపల వెళ్ళిపోతాడు. సమాధి మీద ఇప్పటికీ చెక్క సిలువే ఉంది. రాయి అడుగుతున్నాడు.

అందుకని మే నెల చివరి శనివారం ఆయనకు రాతి విందు చేస్తున్నాను. పెద్ద దీవి గ్రెనడాలో సమాధి రాళ్ళు చెక్కే గాస్టన్ చేత రాయి చెక్కిస్తున్నాను. శుక్రవారం రాత్రి ఆ రాయి మా మంచం మీద తెల్ల దుప్పటి కప్పుకుని నిద్ర చేస్తుంది. తెల్లారాక రక్తసంబంధీకులంతా దాన్ని రమ్ముతో తడిపి, డోళ్ళు వాయించుకుంటూ మోసుకెళ్ళి సమాధి మీద పెడతారు. తర్వాత మేక కూర, కందులు, కూకూ అనే మొక్కజొన్న సంకటి. ఇదంతా నీకు చెప్పనక్కర్లేదు. నీ సంఘంలోని పైదేశపు వాళ్ళకు చదివి వినిపిస్తావని చెప్పించాను.

ముందు మేనేజరు ప్రిచర్డమ్మకు చెప్పాను.

"రాయి అంటే ఎంత ఉంటుందండీ?" అంది.

"మనిషంత."

"ఎక్కడ పెడతారు?"

"మంచం మీద."

పెన్నుకు మూత పెట్టేసి, "అధ్యక్షుల వారికి రాయండి" అంది. రాయించాను. నేను అనుమతి అడగడం లేదు, తెలియజేస్తున్నాను. మొదటి రమ్ము చుక్క పోయవలసింది తోడబుట్టినవాడు. తోడబుట్టినవాళ్ళలో మిగిలింది నువ్వొక్కడివే. టిక్కెట్టు కొనుక్కో.

X సెఫరీన్ బెడో గుర్తు
సాక్షి: వెర్నెల్ కాంప్టన్


హడర్స్‌ఫీల్డ్
ఫిబ్రవరి 6

శ్రీమతి సెఫరీన్ బెడో గారికి,

మీ జనవరి 14 నాటి లేఖ అందినది. విషయాన్ని సంఘం నిబంధనల దృష్ట్యా పరిశీలించడమైనది.

ఒక ఫ్లాటులో ఒక సమయంలో ఎనిమిది మందికి మించి అతిథులు ఉండరాదు. తోలు వాయిద్యాలకు అనుమతి లేదు. పది కిలోలకు మించిన జంతువును ఆవరణలోకి తేరాదు. సమాధి రాయిని నివాస గదులలో ఉంచుట ఇతర యజమానుల మనోభావాలకు, ఫ్లాట్ల ధరకు కూడా భంగకరమని సంఘం అభిప్రాయం. కావున మీ కార్యక్రమాన్ని చర్చి హాలులో జరుపుకోవలసిందిగా సూచిస్తున్నాము.

నా ప్రయాణం విషయం: మోకాలికి ఆపరేషను జరిగినందున వైద్యులు ప్రస్తుతం అంగీకరించుట లేదు.

ఇంకొక మనవి. రెండో అంతస్తులోని నా ఆరో నంబరు ఫ్లాటులో వంటింటి పని జరుగుతోంది. సముద్రానికి ఎదురుగా కూర్చుని తినడానికి ఒక నల్ల గ్రానైటు బల్ల పెట్టిస్తున్నాను. పనివాళ్ళతో దయచేసి గొడవ పడవద్దు.

భవదీయుడు,
ఓ. బెడో, అధ్యక్షుడు


మాంచినీల్ బే
ఫిబ్రవరి 28

అధ్యక్షుల వారైన ఓస్బర్ట్ గారికి,

గారట. వెర్నెల్ ఆ మాట చదవగానే ఇంకెవరి ఉత్తరమో మనకు వచ్చిందనుకున్నాను. నీ నిక్కరు జేబులకు కుట్లు వేసినదాన్ని నేను. ఆ జేబుల్లో ఎండ్రకాయలు వేసుకొచ్చి నా వంటింట్లో వదిలినవాడివి నువ్వు. అప్పుడు ఏ నిబంధనా లేదు.

చర్చి హాలులో చేసుకోమన్నావు. మీ అన్న చర్చి హాలులో కాపురం చేశాడా? తన పొయ్యి ఉన్న చోటికే వస్తాడు ఎవడైనా. బిల్డరు ఈ తీరమంతా కొన్నప్పుడు నాకు కొండ మీద తోటతో సహా ఇల్లు ఇస్తానన్నాడు. నా పొయ్యి ఉన్న చోటే కావాలన్నాను. కాగితాల మీద గీతలు గీసి గీసి, చివరికి మా పొయ్యి ఈ ఫ్లాటు హాల్లో, సోఫా ఉన్న మూలకు వచ్చిందని తేల్చారు. అందుకని తీసుకున్నాను ఈ ఫ్లాటును. లేకపోతే నాకెందుకిది? నేల మీద కాలు నిలవదు. చల్లగాలి పెట్టెకు కీళ్ళు పట్టేస్తాయి. సముద్రం కనబడుతుందని అందరూ లొట్టలు వేస్తారు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను సముద్రాన్ని, దాన్ని చూడ్డానికి ఎవరైనా ఫ్లాటు తీసుకుంటారా?

మేక సంగతి. పది కిలోలు దాటిందన్నది నిజమే. అయితే అది పెంపుడు జంతువు కాదు, భోజనం. భోజనానికి బరువు ఎంత ఉండాలో ఏ నిబంధనలో ఉందో చూపించు.

ఫ్లాట్ల ధర పడిపోతుందన్నావు. ఆ మాట నీది కాదులే, ఆ మీటింగుల్లో పట్టుకొచ్చిన మాట. నువ్వు అక్కడ రవాణా సంస్థలో డైరెక్టరు చేశావని ఐదో నంబరు ఆవిడ నాతో చెప్పింది. "అవునమ్మా, ఎటు తిప్పాలో అటు తిప్పేవాడు" అన్నాను. బస్సు నడిపావని చెప్పలేదు. మీ అన్న కట్టిన పడవలంత గట్టి పని అది, దాచుకోవడం దేనికో నాకు తెలియదు.

మోకాలికి ఆపరేషను అని రాశావు. ఆ మోకాలు ఎప్పుడు వంగింది గనుక.

రాయి వచ్చే నెలలో పడవ మీద వస్తోంది. విందు నా ఇంట్లోనే.

X సెఫరీన్ బెడో గుర్తు
సాక్షి: వెర్నెల్ కాంప్టన్ (నేను నవ్వలేదని కూడా రాయమంది. నవ్వాను.)


హడర్స్‌ఫీల్డ్
మార్చి 20

వదిన గారికి,

ఈ ఉత్తరం అధ్యక్షుడి హోదాలో రాయడం లేదు. మీకు నవ్వులాటగా ఉంది. ఇక్కడ సంగతి అలా లేదు. మీ ఉత్తరాలు రెండూ సంఘంలో చదివి వినిపించాను. బస్సు ముక్క చదవలేదు. డోళ్ళు మోగినా, రాయి గుమ్మం దాటి లోపలికి వచ్చినా కోర్టుకు వెళ్తామని మిగతా యజమానులు ఒక్క మాటగా ఉన్నారు. నిబంధనలు పాటించని వాళ్ళ చేత ఫ్లాటు ఖాళీ చేయించే హక్కు సంఘానికి ఉంది. మీరు సంతకం బదులు గుర్తు పెట్టిన ఒప్పందంలోనే ఉంది. నేను అడ్డుపడినా నాది ఒక్క ఓటు.

మీరు ఆ ఇల్లు వదలాల్సి వస్తే అన్న ఎక్కడికి రావాలి? అది ఆలోచించండి. హాలులో చేస్తే ఖర్చంతా నేను పెట్టుకుంటాను.

నా వంటింటి పని అయిపోయింది. ఫోటో జత చేశాను, వెర్నెల్ చూపిస్తుంది. ఏప్రిల్ చివరి దాకా కెనడాలోని విన్నిపెగ్ నుంచి ఒక విశ్రాంత దంతవైద్యుడు, ఆయన భార్య అద్దెకు ఉంటున్నారు. ఆ నల్ల బల్ల దగ్గర కూర్చుంటే లేవబుద్ధి కావడం లేదని రాశారు.

ఓస్బర్ట్


మాంచినీల్ బే
ఏప్రిల్ 9

ఓస్బర్టూ,

కూర్చునే చదువు. పక్కన మీ అమ్మాయిని కూడా కూర్చోబెట్టుకో.

నీ ఉత్తరం వచ్చిన వారమంతా నాకు అన్నం సహించలేదు. ఖాళీ చేయిస్తారన్న మాట నన్ను పట్టుకుంది. సరే, ఈ ముసలిదాన్ని బయటికి గెంటితే గెంటనీ, ముందు రాయి సరిగ్గా ఉందో లేదో చూసుకుందామని పోయిన నెల పడవలో వచ్చి మూలనున్న దాని మీద గోనె విప్పాను. చదువు రాకపోయినా, రాయి మీద చెయ్యి వేస్తే గీతలు తగలాలి కదా. నున్నగా ఉంది. అటు తిప్పించాను. అటూ నున్నగానే ఉంది.

గాస్టన్‌కు ఫోను చేయించాను. "మొద్దు రాయి పంపావేమయ్యా" అన్నాను.

"చెక్కే పంపానమ్మా. మా ఆవిడ మీద ఒట్టు."

"మీ ఆవిడ ఎందుకు మధ్యలో? అక్షరాలేవి?"

"పేరు, కింద పడవ బొమ్మ, అన్నీ ఉన్నాయి. పడవలో ఎక్కించేటప్పుడు పక్కనే ఇంకో నల్ల పలక ఉంది. దాని మీదా బెడో అనే చీటీ అంటించి ఉంది. మీదే అనుకున్నాను."

నేనూ వెర్నెలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ ఫోటో తీసి మళ్ళీ చూశాం. తర్వాత లిఫ్టు ఎక్కాం.

తలుపు దంతవైద్యుడే తీశాడు. మంచివాడే, చొక్కా వేసుకోడు గానీ. "ఏం కావాలండీ?" అన్నాడు.

"నా పెనిమిటి కావాలి. మీ వంటింట్లో ఉన్నాడు."

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె వంటింట్లోకి తొంగిచూసింది, నిజంగానే ఎవరైనా ఉన్నారేమోనని.

వెర్నెల్‌ను బల్ల కింద దూరమన్నాను. యూనిఫారం మాస్తుందని గునిసింది. నేనే వెల్లకిలా పడుకుని దూరాను. చెయ్యి పెట్టగానే తగిలింది పడవ బొమ్మ, తెరచాపతో సహా. వెర్నెల్ ఫోను దీపం వేసి చదివింది: ఆంబ్రోజ్ టైటస్ బెడో, పడవలు కట్టినవాడు. నీ పనివాళ్ళు స్పానిష్ మాట్లాడే శాంటో డొమింగో మనుషులు, మన ఇంగ్లీషు వాళ్ళకేం తెలుసు? కంపెనీ పేరనుకుని కిందికి తిప్పి బిగించేశారు. పైన దంతవైద్యుడి నారింజ రసం గ్లాసు, సగం కొరికిన రొట్టె. మూడు వారాలకు పైగా పరాయివాళ్ళు మీ అన్న వీపు మీద పెట్టుకుని తింటున్నారు.

బయటికి వచ్చి సంగతి చెప్పాను. దంతవైద్యుడు గ్లాసు తీసి చేతిలో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడిపోయాడు. ఆయన భార్య తడిగుడ్డతో బల్ల తుడిచి, "ఆయనకు ఇబ్బంది కలిగించి ఉంటే క్షమించమనండి" అంది. ఆ అమ్మాయికి మర్యాద తెలుసు.

ఇప్పుడు విను. రాయి ఏ ఇంట్లో నిద్ర చేస్తుందో ఆ ఇంటినుంచే కదలాలి, ఆ ఇంటివాడే విందు పెట్టాలి. ఈ మాట నాది కాదు, మీ అమ్మది. కింద నా తలుపు తీయడం రాక, లిఫ్టు ఎక్కి తమ్ముడింటికి పోయాడు మీ అన్న. విందు ఇక నాది కాదు, నీది. మేకను మాత్రం నేనిస్తాను.

X సెఫరీన్ బెడో గుర్తు
సాక్షులు: వెర్నెల్ కాంప్టన్, ఆరో నంబరులో ఉంటున్న దంతవైద్యుడి భార్య (తానే అడిగి పెట్టింది)


హడర్స్‌ఫీల్డ్
ఏప్రిల్ 24, ఉదయం

శ్రీమతి సెఫరీన్ బెడో గారికి,

ఇది కావాలని చేసిన పని అని నా నమ్మకం. చదువు రాదని చెప్పుకునేవారికి ఏ పలక ఎవరిదో మార్చడం మాత్రం బాగా వచ్చినట్టుంది. ప్రిచర్డ్ గారికి ఫోను చేసి చెబుతున్నాను. నలుగురు మనుషుల్ని పెట్టి, ఎవరూ చూడని వేళ ఆ రాయిని ఊడదీసి మీ ఫ్లాటుకు దించుతారు. ఈ విషయం సంఘంలో ఎవరికీ తెలియకూడదు.

అదే రోజు, సాయంత్రం

వదినా,

ప్రిచర్డ్ గారికి ఫోను చేయలేదు. ఉత్తరం కూడా పోస్టులో వేయలేదు. దీనికిందే రాస్తున్నాను.

ఆ ఫోటో పొద్దుటినుంచీ చూస్తున్నాను. అన్న సరిగ్గా సముద్రం వైపే ఉన్నాడు కదా. ఆ బల్ల ఎక్కడ పెట్టాలో పనివాళ్ళకు నేనే ఫోనులో చెప్పాను, రేవులోకి వచ్చే పడవలు కనబడాలని. తినేవాళ్ళ కోసం అనుకున్నాను.

నీకు చెప్పనిది ఒకటుంది. అన్న నాకూ వస్తున్నాడు. ఇల్లు అడగడు. నా బస్సు ఎక్కుతాడు. ముందు సీట్లో, తడిసిన టోపీతో కూర్చుంటాడు. ఎక్కడ దిగాలి అన్నా అంటే మాట్లాడడు. ఆఖరి స్టాపు దాకా తీసుకెళ్తాను, అయినా దిగడు. లేచాక రోజంతా ఏ పనీ చేతకాదు. మా అమ్మాయికి మోకాలి నొప్పి అని చెబుతుంటాను. చావు కబురు వచ్చినప్పుడు సెలవు దొరకలేదన్నాను, గుర్తుందా? తర్వాత ప్రతి ఏడూ ఏదో ఒకటి. రాయి వేస్తే ఇక అంతా అయిపోయినట్టే అనిపించేది. హాలులో పెట్టుకోమన్నది అందుకే. అక్కడైతే నేను రాకపోయినా జరిగిపోతుంది కదా అని.

మర్నాడు

ఫ్లాట్ల యజమానుల సంఘం అధ్యక్షుడు ఓస్బర్ట్ బెడో నుంచి ఆరో నంబరు ఫ్లాటు యజమాని ఓస్బర్ట్ బెడో గారికి:

మే నెల చివరి శనివారం మీ ఫ్లాటులో కుటుంబ భోజనం జరుపుకొనుటకు అనుమతించడమైనది. ఎనిమిది మంది అతిథుల నిబంధన వర్తించును. అయితే రక్తసంబంధీకులు అతిథుల లెక్కలోకి రారు. డోలు వాయిద్యంగా గాక కుటుంబ సభ్యుడిగా పరిగణించబడును.

వదినా, ఇది నాకు నేను రాసుకున్నాను. నీకు నకలు పంపుతున్నాను. ఈ దీవిలో మన రక్తసంబంధీకులు కానివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళను ఎనిమిది మందికి మించకుండా చూడు. టిక్కెట్టు కొన్నాను. రాయిని అక్కడే ఉండనీ, నేను వచ్చి ఊడదీయిస్తాను.

ఓస్బర్ట్


ఒకటో నంబరు ఫ్లాటు, మాంచినీల్ బే
జూన్ 17

సంఘంలో మిగిలిన యజమానులందరికీ,

మీ ఉత్తరం వచ్చింది. మే నెల చివరి శనివారం జరిగినదానికి బాధ్యులు ఎవరు, అధ్యక్షుణ్ణి ఎందుకు తొలగించకూడదు అని అడిగారు. మా మరిదిని అడిగారు గానీ జవాబు నేను చెబుతున్నాను. అతను పక్కనే కూర్చుని, "వదినా, అలా రాయించకు, నాకు పదవి ఉంది" అంటున్నాడు. "ఉంటే పోతుందిలే, రాయి వెర్నెలూ" అంటున్నాను.

జరిగింది ఇది. మరిది గురువారం వచ్చాడు. బల్ల ఊడదీయించి రాయిని తిరగవేయించాడు. పేరు కనబడేసరికి పక్కకు తిరిగి, పనివాళ్ళ మీద దుమ్ము ఎక్కువైందని కేకలు వేశాడు. శుక్రవారం రాత్రి రాయి అతని మంచం మీద పడుకుంది. అతను కింద నేల మీద పడుకున్నాడు. దంతవైద్యుడూ భార్యా ఏప్రిల్‌లోనే వెళ్ళాల్సినవాళ్ళు. పక్క ఊళ్ళో గది తీసుకుని ఆగారు. వాళ్ళు అతిథులు. లెక్కలో ఇద్దరు. మిగతావాళ్ళంతా మా వాళ్ళే. నాలుగో నంబరు ఆయన దీన్ని నమ్మలేకపోతే వచ్చి కూర్చోమనండి, ఎవరు ఎవరికి ఏమవుతారో మొదటినుంచి చెబుతాను. తిండి తెచ్చుకోవాలి, చాలాసేపు పడుతుంది.

శనివారం తెల్లవారి రాయిని లిఫ్టులో దించారు. బరువుకు లిఫ్టు కూత పెట్టింది. మీకు నిద్రాభంగం అయిందని రాశారు. ఆ కూత లిఫ్టుది, డోలుది కాదు. డోలు తర్వాత. దిగేటప్పుడు రాయితో పాటు లోపల ఒక మనిషికే చోటుంది. మరిది దాన్ని కౌగిలించుకుని నిలబడ్డాడు. కింద తలుపులు తెరుచుకున్నాక చాలాసేపు బయటికి రాలేదు. ప్రిచర్డమ్మ నొక్కే మీట ఏదో నొక్కి తలుపులు మూసుకోకుండా పట్టుకుంది. ఆ పిల్లను తిట్టవద్దు.

ముందుగా పోయవలసింది అతనే. సీసా మరీ వంచేసి సగం రమ్ము తన బూటు మీద పోసుకున్నాడు. "తమ్ముడికీ కావాలట" అన్నాడు మా డోలు వాయించే ముసలాయన. అందరం నవ్వాం. మరిది కూడా నవ్వాడు, ఆ తర్వాత ఏడ్చాడు. ఆ తర్వాత రాయి సమాధి తోటకు వెళ్ళింది. ఆరోజు నుంచి మా ఆయన నా కలలోకి రాలేదు. మరిది కలలోకి కూడా రాలేదట. పొద్దున్నే ఇద్దరం కూర్చుని, "వచ్చాడా?" "రాలేదు" అనుకుంటాం. రాకూడదనే కదా ఇదంతా చేశాం. అయినా అడగకుండా ఉండలేకపోతున్నాం.

కాబట్టి నా వాంగ్మూలం ఏమిటంటే, తప్పు మా మరిదిది కాదు. రాయి తానే వెళ్ళి అతనింట్లో పడుకుంది. సొంత అన్న వస్తే లేచి పొమ్మనే మనిషి మీ సంఘానికి అధ్యక్షుడుగా కావాలా? కావాలంటే అతణ్ణి తీసేసి అలాంటివాణ్ణి వెతుక్కోండి. కోర్టుకు వెళ్ళేమాటైతే నన్ను పిలవండి. నడిచే వస్తాను.

ఇక నా మనవి. అతని వంటింటికి రావలసిన నున్నటి రాయి ఇంకా నా దగ్గరే ఉంది. తిరిగి ఇమ్మని అడిగాడు, ఇవ్వనన్నాను. దాని మీద నా పేరు, పేరు కింద పొయ్యి బొమ్మ చెక్కమని గాస్టన్‌కు చెప్పాను. దానికీ ఒక రోజు ఇలాంటి విందే జరగాలి, ఈ ఒకటో నంబరు ఇంటినుంచే. డోళ్ళుంటాయి, మేక ఉంటుంది. అప్పుడు మీతో ఉత్తరాలు నడపడానికి నేనుండను. అందుకని అనుమతి ఇప్పుడే రాసి ఇవ్వండి. తేదీ దగ్గర ఖాళీ వదిలేయండి.

X సెఫరీన్ బెడో గుర్తు

సాక్షులు:
వెర్నెల్ కాంప్టన్, గేటు
ఓస్బర్ట్ బెడో, ఆంబ్రోజ్ తమ్ముడు